సీసా నల్లబడలేదు, కామెర్లు ఆగలేదు

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. నెల రోజులలో మా వీధిలో ఆరుగురికి పచ్చకామెర్లు వచ్చాయి. రక్తపరీక్షలో హెపటైటిస్-ఈ అని తేలింది. కుళాయి నీటిని సీసాలో పట్టి పరీక్షిస్తే నల్లబడలేదు కనుక నీరు మంచిదేనన్నారు. నీటిలోనూ, పిల్లలు తినే గుప్‌చుప్ (పానీపూరీ)లోనూ వైరస్ ఉన్నదీ లేనిదీ వెంటనే చెప్పే పరీక్ష లేదా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఆ సీసా పరీక్ష వైరస్‌ను చూడదు. మలంతో పాటు నీటిలో చేరే కొన్ని బ్యాక్టీరియాలు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును విడుదల చేసినప్పుడు సీసాలోని ఇనుప లవణం నల్లబడుతుంది. 1982లో మన దేశ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఈ చవక పద్ధతి పల్లెలకు ఎంతో ఉపకరించింది. అయితే క్లోరిన్‌కు ఆ బ్యాక్టీరియాలు లొంగినంత సులువుగా పేగు వైరస్‌లు లొంగవు. 1955-56లో ఢిల్లీ తాగునీటిలో మురుగు కలిసినప్పుడు క్లోరిన్ మోతాదు పెంచడంతో టైఫాయిడ్ వంటివి పెరగలేదు గాని, సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్-ఈ అని, దాచి ఉంచిన రక్త నమూనాల వలన చాలా ఏళ్లకు బయటపడింది.

వేగంగా ఫలితమిచ్చే పరీక్షలు లేకపోలేదు. వైరస్ జన్యుపదార్థాన్ని లక్షల ప్రతులుగా పెంచి పట్టుకునే ఆర్‌టీ-పీసీఆర్ రెండు మూడు గంటలలో తేలుస్తుంది. 2000లో జపాన్ శాస్త్రజ్ఞులు వెలువరించిన, అదే కోవకు చెందిన ల్యాంప్ పద్ధతికి ఖరీదైన యంత్రం కూడా అక్కరలేదు. 60-65 డిగ్రీల వద్ద నిలకడైన వేడి ఉంటే గంట అటూఇటూగా రంగు మార్పుతో జవాబిస్తుంది. ఆలస్యమంతా అంతకుముందే జరుగుతుంది. వైరస్ నీటిలో పెరగదు, ఉన్నది బహు స్వల్పం. అందువలన పదుల లీటర్ల నీటిని ధనావేశం గల వడపోత గుండా పంపి, దానికి అంటుకున్న వైరస్‌ను కొద్దిపాటి ద్రవంలోకి దింపి, ఆపై దాని జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను వేరు చేయాలి. వానాకాలపు బురద నీటిలో, కుళ్లిన ఆకులలముల నుంచి చేరే హ్యూమిక్ ఆమ్లాలు ఈ పరీక్షను అడ్డగిస్తాయి. పులుపు, మసాలా, ఉడికిన బంగాళాదుంప కలిసిన గుప్‌చుప్ సంగతి చెప్పనే అక్కరలేదు. పైగా పీసీఆర్ చచ్చిన వైరస్‌కూ బతికిన వైరస్‌కూ తేడా చూపదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఈ వైరస్ ఒంట్లో చేరిన రెండు నుంచి పది వారాలకు గాని కామెర్లు కనబడవు. కాబట్టి మీరు నేడు పట్టిన నీరు ఆ ఆరుగురు తాగిన నీరు కాదు.

నా ఉద్దేశంలో మీ వీధి అడగవలసిన పరీక్ష, నీటిలో మిగిలిన క్లోరిన్‌ను రంగును బట్టి కొలిచే క్లోరోస్కోప్ అనే చిన్న సాధనంతో కుళాయి వద్దనే నిమిషాలలో జరిగేది. మామూలుగా లీటరు నీటిలో 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలితే చాలుననే భారతీయ ప్రమాణం ఐఎస్ 10500, వైరస్ నుంచి రక్షణ కావలసిన చోట 0.5 ఉండాలంటుంది. మురికికాలువ గుండా పోయే పైపులను చూడమని కూడా అడగండి. అంతవరకు తాగే నీటినే కాదు, చద్దన్నంలో, పఖాళ (ఒడియా నీళ్లన్నం)లో పోసే నీటిని కూడా తెర్లించి చల్లార్చి వాడండి. వీధిలో గర్భిణులు ఉంటే వారికి ఈ మాట నేడే చేరవేయండి. చివరి మూడు నెలలలో ఈ వ్యాధి ప్రాణం మీదికి తెస్తుంది కనుక, కళ్లు పచ్చబడగానే పసరు మందుల జోలికి పోకుండా వారిని ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.