వార్ ఫైల్లో ఏది ఫైలు, ఏది ఫోల్డరు? ‘ఈజ్‌డైరెక్టరీ’ని నమ్ముకోవద్దు

మీరడిగింది ఇదీ: విజయనగరం జిల్లా ఫోటోల జావా వెబ్ అప్లికేషన్‌లో ‘చిత్రాలు’ ఫోల్డర్ కింద బొబ్బిలి, రామతీర్థం, తాటిపూడి అని ఊరికో ఫోల్డరు, పక్కనే కొన్ని విడి ఫైళ్లు. ఫోల్డర్లకు మాత్రమే లింకు రావాలి. లాప్‌టాప్‌లో బాగానే ఉంది, సర్వర్ మీదికి ఎక్కించగానే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ (ఏమీ లేని ‘నల్’ విలువను వాడబోతే వచ్చే లోపం).

తప్పు, ఫోల్డర్‌కి డిస్క్ మీది దారి ఇచ్చే ‘గెట్‌రియల్‌పాత్’ దగ్గరుందండీ. సర్వర్ వార్‌ని (అప్లికేషన్ మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టిన మూట) విప్పకుండా నడిపితే డిస్క్ మీద ఆ ఫోల్డరే ఉండదు, కాబట్టి అది నల్ ఇస్తుంది. ఆ నల్‌తో ఫైల్ ఆబ్జెక్ట్ కట్టబోతే, ఇది ఫోల్డరేనా అని అడిగే ‘ఈజ్‌డైరెక్టరీ’ దాకా వెళ్లకముందే ఎక్సెప్షన్ రాక మానదు.

దానికి బదులు సర్వ్‌లెట్ కాంటెక్స్ట్‌లో (నడుస్తున్న అప్లికేషన్ వివరాలిచ్చే ఆబ్జెక్ట్) ఉన్న, ఫోల్డర్లోని దారుల జాబితా ఇచ్చే ‘గెట్‌రిసోర్స్‌పాత్స్’ వాడండి. దానికిచ్చే దారి స్లాష్‌తో మొదలవ్వాలి, లేకపోతే టామ్‌క్యాట్ సర్వర్ అక్కడే ఎక్సెప్షన్ విసురుతుంది. తిరిగొచ్చే సెట్‌లో ఫోల్డర్ పేర్ల చివర స్లాష్ ఉంటుంది, ఫైళ్లకు ఉండదు. ‘ఎండ్స్‌విత్’తో ఆ ఒక్క అక్షరం చూస్తే చాలు. చుక్క ఉందా లేదా అని మాత్రం చూడకండి: ‘రామతీర్థం.పాతవి’ అనే ఫోల్డరూ ఉండొచ్చు, ‘రీడ్‌మీ’ అనే ఫైలూ ఉండొచ్చు.

ఇది ఒక్క మెట్టే దిగుతుంది. లోపలివి కావాలంటే స్లాష్‌తో ముగిసిన ప్రతి దారితో మళ్లీ పిలవాలి. ఏమీ దొరక్కపోతే ఖాళీ సెట్ కాదు, నల్ వస్తుంది. లూప్‌కి ముందే చూసుకోండి. వరసకు గ్యారంటీ లేదు, పేర్లను వరసలో పెట్టే ట్రీసెట్‌లో వేసుకోండి. చాలామంది జారేది పేరు తీసేటప్పుడు: ‘/చిత్రాలు/బొబ్బిలి/’లో చివరి స్లాష్ తర్వాతి ముక్క కోస్తే ఖాళీ స్ట్రింగే మిగులుతుంది. ముందు ఆ స్లాష్ తీసేసి, అప్పుడు కోయండి.

ఫైల్లోది చదవడానికి తెరిచే ‘గెట్‌రిసోర్స్‌యాజ్‌స్ట్రీమ్’ నల్ ఇవ్వలేదు కదా, ఫైలే అయ్యుంటుందనుకోవడమూ ప్రమాదమే. క్లాస్‌లోడర్ (క్లాసుల్నీ వాటితో వచ్చే ఫైళ్లనీ వెతికి తెచ్చే జావా భాగం) ద్వారా డిస్క్ మీది ఫోల్డర్ని అడిగితే లోపలి పేర్ల జాబితానే స్ట్రీమ్‌గా రావచ్చు.

ఫోటోలు జార్‌లో (జావా ఫైళ్లను కట్టే జిప్ మూట) ఉంటే జార్ ఎంట్రీలు తిరగేయాలి. అక్కడి ‘ఈజ్‌డైరెక్టరీ’ చూసేదీ చివరి స్లాష్‌నే. కొన్ని జార్లలో ఫోల్డర్లకు ఎంట్రీలే ఉండవు, అప్పుడు ఫైళ్ల దారుల్నుంచే ఫోల్డర్ పేర్లు ఏరుకోవాలి.

ఇక జనం అప్‌లోడ్ చేసే ఫోటోలను అప్లికేషన్ ఫోల్డర్లో అసలు పెట్టకండి, మళ్లీ డిప్లాయ్ చేస్తే పోతాయి. వాటికి బయట వేరే ఫోల్డరు పెట్టండి. అక్కడైతే ‘ఫైల్స్.ఈజ్‌డైరెక్టరీ’ నిక్షేపంగా పనిచేస్తుంది.