చలి రాకముందే కన్నాలు మూసేద్దాం: మీరడిగారు, మేం చెప్తున్నాం

ప్రశ్న: నమస్తే అండీ. పోయిన మార్చిలో న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇల్లు కొనుక్కున్నాం, మా మొదటి ఇల్లు, 1970ల్లో కట్టింది. ఇన్నాళ్ళూ అపార్ట్‌మెంట్లోనే ఉన్నాం కాబట్టి ఇంటి పనులేవీ మాకు తెలీవు. మొన్న పక్కింటావిడ చలి మొదలయ్యేలోపు ఎలుకల సంగతి చూసుకోండి, మీకు ముందున్నవాళ్ళకి ఏటా ఇదే గొడవ అంది. అప్పట్నుంచీ గోడలో ఏ చిన్న చప్పుడైనా నిద్ర పట్టట్లేదు. పదినెలల పాప ఇల్లంతా పాకుతోంది, మందు పెట్టాలంటే భయం. మా అత్తగారేమో వినాయకుడి వాహనం, చంపొద్దమ్మా అంటున్నారు. డిసెంబర్లో నాలుగు వారాలు ఇండియా వెళ్తున్నాం. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో చెప్పండి.

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాటతోనే మొదలెడతాను, ఎందుకంటే ఆవిడ చెప్పిన దారే అసలైన దారి. చంపాల్సిన అవసరం రాకూడదంటే అది లోపలికే రాకూడదు, అంటే చలి పడేలోపు బయటినుంచి కన్నాలన్నీ మూసెయ్యాలి. మీ వైపు అక్టోబర్ సగం దాటాక రాత్రిళ్ళు ఫ్రాస్ట్, అంటే గడ్డకట్టే మంచు, పడుతుంది, చిట్టెలుకలు వెచ్చటి చోటు వెతుక్కునేది అప్పుడే. అందుకే దసరాకి మొదలెట్టి దీపావళి దీపాలు పెట్టేలోపు ముగించెయ్యండి.

నా సంగతి చెప్తాను. పెన్సిల్వేనియాలో మేం మొదట కొన్న ఇంట్లో నేనూ కన్నాల సంగతి ఆలోచించలేదు, ఒక పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిస్తే వచ్చి మందు పెట్టి డబ్బు తీసుకుని వెళ్ళిపోయారు, ఇంటి చుట్టూ ఒక్కసారైనా తిరిగి చూడలేదు. మందు తిన్న ఎలుక వెళ్ళి గోడ లోపల చచ్చింది, జనవరి చలిలో కిటికీలు తెరవలేం, మూడు వారాలు ఆ కంపులోనే వండుకుని తిన్నాం. మళ్ళీ నవంబర్ వచ్చేసరికి కొత్త ఎలుకలు తయారు. చివరికి చూస్తే ఏసీ రాగి గొట్టం గోడలోకి వెళ్ళేచోట బొటనవేలు పట్టేంత సందు. ఇరవై డాలర్లు కూడా కాలేదు దాన్ని మూయడానికి, ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఎలుక మొహం చూడలేదు.

ఒక పెన్సిల్ పట్టుకుని ఇంటి చుట్టూ నెమ్మదిగా తిరగండి. పెన్సిల్ దూరే సందులో చిట్టెలుక దూరుతుంది, దానికి 6 మిల్లీమీటర్లు చాలు, పెద్ద ఎలుకకి 12 చాలు. గ్యాస్ పైపు, నీళ్ళ పైపు, కరెంటు, కేబుల్ వైర్లు లోపలికొచ్చే చోట్లు, ఫౌండేషన్ కాంక్రీటు మీద చెక్క ఆనే గీత, సైడింగ్, అంటే బయటి గోడ పలకల, కింది మూలలు, ఇవన్నీ వంగి చూడాలి, నిలబడి చూస్తే కనపడవు. చీకటి పడ్డాక గ్యారేజ్ తలుపు దించేసి లోపల లైటు వేసి బయటికొచ్చి చూడండి, కింద రెండు మూలల్లో వెలుతురు కనపడిందంటే అదే వాటి గుమ్మం. అక్కడ రబ్బరు సీల్ మార్చండి, పెరటి తలుపు కింద డోర్ స్వీప్, అంటే కింది సందు మూసే పట్టీ, బిగించండి.

చాలామంది ఫోమ్ స్ప్రే ఒక్కటే కొట్టి అయిపోయిందనుకుంటారు, ఫోమ్‌ని ఎలుక ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. ముందు కన్నంలో రాగి మెష్ గానీ స్టెయిన్‌లెస్ స్టీల్ ఊల్ (స్టీలు పీచు) గానీ గట్టిగా కుక్కి దానిమీద కాక్ (సందులు మూసే మెత్తటి పేస్టు) వెయ్యాలి, మామూలు స్టీల్ ఊల్ అయితే వానకి తుప్పు పట్టి రాలిపోతుంది. పెద్ద కన్నాలకి పావు అంగుళం గళ్ళున్న ఇనప వల, అంటే హార్డ్‌వేర్ క్లాత్, స్క్రూలతో బిగించాలి. ఇక్కడ మాత్రం జాగ్రత్తమ్మా, బట్టలారబెట్టే డ్రైయర్ గాలి బయటికొచ్చే గొట్టానికి సన్నటి వల పెట్టకండి, పీచు పేరుకుని నిప్పంటుకుంటుంది, దానికి మూసుకునే రెక్కలున్న కవర్ దొరుకుతుంది. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పొగ బయటికొచ్చే పైపు అసలు మూయకూడదు, ప్రాణాలమీదకొస్తుంది. ఇటుక గోడల కింద తేమ పోవడానికి వదిలిన సందుల్లో కాక్ నింపొద్దు, మెష్ మాత్రమే పెట్టండి. అటక మీద ఉడత గానీ ఇంకేదైనా ఉందేమో చూడకుండా అక్కడి కన్నం మూయకండి, లోపల ఇరుక్కుంటుంది. గబ్బిలం కనిపిస్తే మీరు ముట్టుకోవద్దు, రేబిస్ భయం ఉంటుంది, తెలిసినవాళ్ళని పిలవండి.

ఇంక మన ఇళ్ళ సంగతి. గ్యారేజ్‌లో సోనా మసూరి బస్తాలు పెట్టే అలవాటు మనందరిదీ, ఆ సంచీ ఎలుకకి కాగితంతో సమానం. బియ్యం, పప్పులు, వేరుశనగ గుళ్ళు అన్నీ స్టీలు డబ్బాల్లోకో గట్టి మూత బకెట్లలోకో మార్చెయ్యండి. పూజ గదిలో బెల్లం, కొబ్బరి చిప్పలు, ప్రమిదలో మిగిలిన నూనె, నూనె వత్తులు కూడా వదలదు, రాత్రికి తీసెయ్యండి. కట్టెలు పేర్చుకుంటే ఇంటికి 20 అడుగుల దూరంలో, నేలకి తగలకుండా.

ఇప్పటికే లోపల ఉందని పెంటికలు కనిపిస్తే మాత్రం ట్రాప్ తప్పదమ్మా, అత్తగారికి నచ్చజెప్పండి. ఆడ ఎలుక ఇరవై రోజుల్లో ఈనుతుంది, ఈతకి అయిదారు పిల్లలు, ఆలస్యం చేసిన కొద్దీ చంపాల్సినవి పెరుగుతాయి. బతికుండగా పట్టి దూరంగా వదిలినా ఆ చలికి ఎక్కువ రోజులు బతకదు. జిగురు అట్టలు వద్దు, గంటల తరబడి కొట్టుకుని చస్తుంది, చూడలేరు. మామూలు స్నాప్ ట్రాప్ (టప్పున మూసుకునే స్ప్రింగ్ ట్రాప్) మీద బఠాణీ గింజంత పీనట్ బటర్ రాసి, ఎర వైపు గోడకి ఆనేలా అడ్డంగా పెట్టండి, ఎలుక గోడ పక్కనే నడుస్తుంది. స్టవ్ వెనకాల, సింక్ కింద తాళం వేసిన అరలో, పాప చెయ్యి వెళ్ళని చోట. విషం ఎర మీ ఇంట్లో వద్దే వద్దు. పెంటికల్ని చీపురుతో ఊడవకండి, దుమ్ము లేస్తే కొన్ని జాతుల నుంచి ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే హాంటా వైరస్ రావచ్చు. గ్లౌజులు వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కి పది వంతుల నీళ్ళు కలిపి తడిపి, అయిదు నిమిషాలాగి పేపర్ టవల్‌తో తియ్యండి.

కిటికీల దగ్గర గోధుమ రంగులో డాలు ఆకారం పురుగులు కనిపిస్తే అవి స్టింక్ బగ్స్, తూర్పు ఆసియా నుంచి వచ్చినవి, అమెరికాలో మొదట మీ పక్క రాష్ట్రం పెన్సిల్వేనియా అలెన్‌టౌన్‌లోనే 1998లో దొరికాయి. కుట్టవు, ఇంట్లో గుడ్లు పెట్టవు, చలికాలం తలదాచుకోవడానికే వస్తాయి. నలిపితే కంపు, వ్యాక్యూమ్‌తో లాగి సంచీ బయట పారెయ్యండి, కిటికీ సందులు కాక్‌తో మూస్తే తగ్గిపోతాయి.

ఇండియా వెళ్ళేముందు వంటిల్లు ఖాళీ చేసి, చెత్త బయట పడేసి, హీటు పూర్తిగా ఆపకుండా 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పెట్టండి, లేకపోతే పైపులు గడ్డకడతాయి. తెలిసినవాళ్ళకి తాళం ఇచ్చి వారానికోసారి చూడమనండి.

ప్రశ్న: అయ్యా, మాది కోనసీమలో పెంకుటిల్లు. సార్వా కోతలు అవగానే పొలంలో ఎలుకలూ పందికొక్కులూ ఊళ్ళోకొచ్చేస్తాయి, ధాన్యం బస్తాలు చిల్లులు, వాటి వెనక పాములు. కార్తీకంలోపు ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఇబ్బంది ఆ న్యూజెర్సీ ఆవిడ ఇబ్బంది కంటే పెద్దది, ఎందుకంటే పందికొక్కు కన్నంలోంచి దూరదు, కన్నం తనే తవ్వుకుంటుంది. ఇంగ్లీషువాళ్ళు బాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచే తీసుకున్నారు, అంత పాత శత్రువు మనకి. కోతలకి ముందే ఇంటి చుట్టూ, గడ్డిమేటు చుట్టూ కలుగులు చూడండి. సాయంత్రం అన్నిటినీ మట్టితో మూసెయ్యండి, తెల్లారేసరికి ఏది తెరుచుకుందో దాంట్లోనే ఉన్నట్టు. ఎలుక వదిలేసిన కలుగులో తాచు చేరుతుంది, అందుకని చెయ్యి పెట్టకండి, గడ్డపారతోనే పని. పునాది కన్నాల్లో గాజు పెంకులు కలిపిన సిమెంటు దట్టించండి, పెద్దవాళ్ళు చేసిందే, ఇప్పటికీ పనిచేస్తుంది. తలుపు కింద అంచుకి రేకు కొట్టించండి, తూముకి ఇనప జాలీ పెట్టండి. బస్తాలు నేలమీద కాకుండా బల్లల మీద, గోడకి మూరెడు ఎడంగా పెట్టండి, మధ్యలో మనిషి చూడగలిగితే ఎలుక అక్కడ గూడు కట్టదు. గడ్డిమేటు ఇంటికి ఆనుకుని వద్దు. కొబ్బరి మట్టలు పెంకుల్ని తాకుతుంటే నరికించండి, మానుకి మనిషెత్తులో రేకు పట్టీ చుట్టిస్తే పైకెక్కలేవు.

జింక్ ఫాస్ఫైడ్ పొలంలో వాడే మందు, తడి తగిలితే విషవాయువు వస్తుంది, ఇంట్లో కలపొద్దు, ఇంట్లో పెట్టొద్దు. పసుపు ఫాస్ఫరస్ ఉండే ఎలకల పేస్టు అయితే కొననే కొనకండి, అది లివర్‌ని తినేస్తుంది, విరుగుడు మందు లేదు, పిల్లలున్న ఇంట్లో అల్మారాలో పెట్టినా నాకు మనసొప్పదు.

ప్రశ్న: ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ మిషన్లు, కలరా ఉండలు పనిచేస్తాయా? (హైదరాబాద్ నుంచి)

జవాబు: మిషన్లు కొనకండి. 2001లోనే అమెరికా ఎఫ్‌టీసీ (వ్యాపార మోసాలు చూసే ప్రభుత్వ సంస్థ) ఇలాంటివి తయారుచేసి అమ్మే 60కి పైగా కంపెనీలకి, రుజువు లేకుండా గొప్పలు చెప్పొద్దని హెచ్చరిక ఉత్తరాలు పంపింది. కలరా ఉండల వాసన ఎలుకని ఆపదు, పైగా జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్న పిల్లలకి రక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది. ఆ డబ్బుతో బాత్రూం తూముకి ఒక స్టీలు జాలీ, బాల్కనీ తలుపు కింద ఒక రబ్బరు పట్టీ వేయించుకోండి.