గేలం కట్టుకోవడం గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అమలాపురం బదిలీ అయి వచ్చాక ఇంటి వెనుకే పంట కాలువ దొరికిందనీ, పెద్దవాడికి చేపలు పట్టడం నేర్పాలని ఉందనీ, దుకాణంలో దారం చుట్టే రీలు బిగించిన కర్రకు వేలల్లో ధర చెబుతున్నారు కనుక అది కొనాలా, ఇంట్లోనే ఏదైనా చేసుకోవచ్చా అనీ అడిగావు. నిశ్చింతగా ఇంట్లోనే చేసుకో. కాలువ రేవులోనో, బోదె గట్టునో, ఊరి చెరువు దగ్గరో పరిగెలు, జెల్లలు, అప్పుడప్పుడు ఒక కొర్రమీను పట్టడానికి రీలుతో పని లేదు. దూరంగా విసరవలసిన అవసరం ఉన్నచోటే రీలుకు విలువ ఉంటుంది. మన కాలువల్లో చేప గట్టు నీడనే, గడ్డి వారనే తిరుగుతుంది. గేలానికి సంబంధించి కొనవలసినవి ముల్లు, దారం మాత్రమేననీ, మిగిలినదంతా చేత్తో చేసుకున్నదే మన నీళ్ళకు బాగా పనికివస్తుందనీ నా గట్టి అభిప్రాయం. దుకాణంలో దొరికేది ఏ నీళ్ళను తలచుకొని చేశారో మనకు తెలియదు. నువ్వు చేసుకునేది మాత్రం నీ రేవు లోతునూ, అక్కడి నీటి వేగాన్నీ, అక్కడ తిరిగే చేపనూ చూసి చేసుకుంటావు.

వేసవిలో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి మళ్ళీ నీళ్ళు వదిలేదాకా నీకు కావలసినంత వ్యవధి ఉంది. ఆ వ్యవధి అంతా కర్రకు అవసరమే కనుక, చలి పూర్తిగా వెళ్ళకముందే వెదురు సంపాదించు. వానలు వెనక్కి తగ్గాక చలికాలంలో కోసిన వెదురుకు పుచ్చు తక్కువ పడుతుంది. వెదురు లోపల ఉండే పిండిపదార్థం కోసమే పురుగు వస్తుంది, ఆ కాలంలో అది తక్కువగా ఉంటుంది. పొదలో లేత పచ్చగా, పైన తెల్లని బూడిద పూసినట్టు ఉన్నది ఆ ఏటి మొక్క, దాన్ని ముట్టుకోవద్దు. ఎండేసరికి ముడుచుకుపోయి, బరువు పడగానే వంగి అలాగే ఉండిపోతుంది. మూడేళ్ళు దాటి, రంగు కాస్త మాసి, వేలితో కొడితే గట్టిగా పలికేదాన్ని తీసుకో. కణుపులు దగ్గర దగ్గరగా ఉండాలి, లోపలి డొల్ల సన్నగా ఉండాలి, మొదలు బొటనవేలికంటె కొంచెం లావుగా మొదలై కొసదాకా క్రమంగా సన్నబడుతూ పోవాలి. నీకు పది పన్నెండు అడుగులు సరిపోతుంది. పిల్లవాడికి ఏడెనిమిది అడుగులకు మించనివ్వకు, ఎందుకంటే చెయ్యి నొప్పి పుట్టిన పిల్లవాడు చేప మీద కంటే కర్ర మీదే ధ్యాస పెడతాడు.

కోసిన వెదురును ఆకులు దూసి, రెండు మూడు వారాలు చెరువులోనో పారే నీటిలోనో ముంచి ఉంచాలి. వాసన వేస్తుంది, భరించాలి. లోపలి పిండిపదార్థం నీటిలోకి దిగిపోతే తరువాత పురుగు జోలికి రాదు. పైకి తీశాక ఎండలో పెట్టకుండా, పాక నీడలో కొసను దూలానికి కట్టి, మొదలుకు ఒక ఇటుక వేలాడదీసి, నెల పైనే వదిలెయ్యి. ఎండలో తొందరగా ఎండిన వెదురు నిలువునా పగులుతుంది.

అప్పటికీ ఎక్కడో ఒకచోట వంకర మిగులుతుంది. దాన్ని కొబ్బరి చిప్పల నిప్పు మీద సరిచేసుకోవాలి. మంట ఉండకూడదు, ఎర్రని నిప్పులే ఉండాలి. వంకర ఉన్న భాగాన్ని జానెడు ఎత్తున పట్టుకొని, ఆపకుండా తిప్పుతూ ముందుకూ వెనక్కూ జరుపుతూ ఉంటే కొద్దిసేపటికి వెదురు చర్మం మీద చెమట పట్టినట్టు నూనె మెరుపు కనిపిస్తుంది. వంచవలసిన అదను అదే. గుడ్డ చుట్టిన చేతులతో మోకాలికి ఆనించి, వంకరకు ఎదురుగా కావలసినదానికంటె పిసరంత ఎక్కువ వంచి, తడి గుడ్డతో చల్లార్చేదాకా అలాగే పట్టుకో. ఒకేచోట ఆపి కాల్చితే కణుపుల మధ్య బిగిసిన గాలి వేడికి పెద్ద చప్పుడుతో పగిలిపోతుంది, పిల్లవాణ్ణి ఆ పని దగ్గర దూరంగా కూర్చోబెట్టు. చివరగా కణుపుల పక్కన, కొస దగ్గర గట్టి నూలు దారాన్ని దగ్గర దగ్గరగా చుట్టి, దాని మీద వార్నిష్ రెండు పూతలు వెయ్యి.

దారం నైలాన్‌దే కొను. నూలు వలల కాలంలో వాటిని తుమ్మ బెరడు ఉడికించిన నీళ్ళలో నానబెట్టి కుళ్ళకుండా కాపాడుకునేవారు. నైలాన్‌కు నీటి భయం లేదు కానీ ఎండ భయం ఉంది. ఎండలో నెలల తరబడి వేలాడిన నైలాన్ చూడడానికి బాగానే ఉన్నా, లాగితే పుటుక్కున తెగుతుంది. అందుకే పాత దారాన్ని వాడాలనే పొదుపు ఇక్కడ పనికిరాదు. చిన్న చేపలకు 0.25 మిల్లీమీటర్ల మందం, కొర్రమీను ఉన్నచోట 0.40 తీసుకో. దారాన్ని కర్ర కొసకు మాత్రమే కట్టి వదిలెయ్యకు. కొస దగ్గర ఒక ముడి వేసి, మిగిలిన దారాన్ని కర్ర వెంబడి కిందికి తెచ్చి, మూరెడు దిగువన లావుగా ఉన్నచోట మళ్ళీ కట్టు. పెద్ద చేప కొసను విరిచినా దారం నీ చేతిలోనే ఉంటుంది. కొస నుంచి వేలాడే దారం పొడవు కర్ర పొడవుకంటె ఒక జానెడు తక్కువగా ఉంటే చేపను నేరుగా చేతికి తెచ్చుకోవచ్చు.

ముల్లు ఎందుకు కొనమంటున్నానో చెబుతాను. గుండుసూదితోనో, కుట్టు సూదిని కాల్చి వంచో ముల్లు చేసుకోవచ్చని చాలామంది చెబుతారు. కుట్టు సూది గట్టి ఉక్కు; చల్లగా వంచితే విరుగుతుంది, ఎర్రగా కాల్చి వంచితే గట్టిదనం పోయి మెత్తబడుతుంది, మళ్ళీ కాల్చి నీటిలో ముంచితే గాజులా పెళుసు అవుతుంది. ఆ తరువాత తగినంత వేడి చేసి పదును నిలపడం కమ్మరి పని. తక్కువ ధరకే మంచి ముళ్ళు దొరికేచోట ఆ శ్రమ దండగ. పరిగెలకు 10 లేదా 12 నంబరు, జెల్లలకు 6 లేదా 8 అడుగు. నంబరు పెరిగే కొద్దీ ముల్లు చిన్నదవుతుంది. ఒకటి దాటాక మాత్రం 1/0, 2/0 అంటూ పెరిగే కొద్దీ పెద్దదవుతుంది, ఇది తెలియక తారుమారుగా కొంటుంటారు. పిల్లవాడి ముల్లుకు లోపలివైపు ఉండే ఎదురు ముల్లును పట్టకారుతో నొక్కి అణిచెయ్యి. ఒకటి రెండు చేపలు జారిపోతే పోతాయి, వేలికి గుచ్చుకున్నప్పుడు తేలికగా బయటికి వస్తుంది. ముడి వేసేటప్పుడు దారాన్ని ముల్లు కంటిలోంచి దూర్చి, దారం చుట్టూ అయిదు మెలికలు తిప్పి, కంటి దగ్గర ఏర్పడిన మొదటి ఉచ్చులోంచి కొసను తీసి, ఉమ్ముతో తడిపి మెల్లగా బిగించు. పొడి దారాన్ని గుంజి బిగిస్తే రాపిడి వేడికి అక్కడే బలం పోతుంది, తెగినప్పుడల్లా అక్కడే తెగుతుంది.

ఇక బెండు, అంటే దారానికి కట్టి నీటి మీద తేల్చే ముక్క. దీని గురించే ఎక్కువ రాయాలి, ఎందుకంటే గట్టు మీద కూర్చున్న మనిషికి నీటి లోపల జరిగేది చెప్పగలిగేది ఇదొక్కటే. జీలుగు మొక్క కాడ నుంచి వచ్చే తేలికైన బెండు దొరికితే అంతకంటె మంచిది లేదు. దొరకకపోతే అరిగిపోయిన హవాయి చెప్పు చాలు. మన జాలరులు వల తాళ్ళకు ఆ ముక్కలే కట్టుకుంటున్నారు. థర్మకోల్ వద్దు, అది పొడిపొడిగా రాలి కాలువంతా పరుచుకుంటుంది. చిటికెన వేలంత పొడవు, పెన్సిలుకంటె కొంచెం లావు ఉండేలా కోసి, రెండు కొసలూ సన్నబడేలా గరుకు కాగితంతో రుద్దు. కాల్చిన దబ్బనంతో మధ్యలో నిలువునా రంధ్రం చెయ్యి. దారాన్ని ఆ రంధ్రంలోంచి తీసి, పక్కన కొబ్బరి ఈనె ముక్కను బిగుతుగా దోపితే బెండు ఉన్నచోటే నిలుస్తుంది. లోతు మార్చాలంటే ఈనె లాగి, బెండును జరిపి, మళ్ళీ దోపుకోవచ్చు. జీలుగు బెండు నీరు పీలుస్తుంది కనుక కరిగించిన కొవ్వొత్తి మైనంలో ఒకసారి ముంచి తియ్యి. చెప్పు ముక్కకు ఆ అవసరం లేదు. పై కొసకు ఎర్రని గోళ్ళరంగు వేస్తే సాయంత్రపు వెలుగులో కూడా కనిపిస్తుంది.

కాలువకు వెళ్ళకముందే బకెట్ నీళ్ళలో దాన్ని తూకం వెయ్యాలి. దారానికి ముల్లు, బరువు కట్టి నీటిలో వదిలినప్పుడు బెండు నిలువుగా నిలబడి, ఎర్రని కొస మాత్రం గోరంత పైకి కనిపించాలి. సగం బెండు తేలుతున్నదంటే బరువు చాలలేదు. అంత తేలే బెండును కిందికి లాగడానికి చేప బలం ఉపయోగించాలి, ఆ బిగువు నోటికి తగలగానే ఎర వదిలేస్తుంది. బరువును కొంచెం కొంచెంగా పెంచుతూ, తక్కెడ ముల్లు మధ్యకు వచ్చినట్టు, ఇంకొక్క పిసరు వేస్తే మునిగిపోతుందనే చోట ఆపు. ఎర కూడా బరువే కనుక చివరి తూకం ఎర గుచ్చాకే చూసుకో. ఇలా కుదిరిన బెండు ఏ చేప వచ్చిందో కూడా చెబుతుంది. చిన్న పరిగెలు టకటకా పొడుస్తాయి, బెండు వణుకుతుంది కానీ మునగదు, అప్పుడు లాగవద్దు. అడుగున మేసే ఎర్రమోసు చేప ఎరను నోట పెట్టుకొని తల ఎత్తితే బరువు తేలికై బెండు పైకి లేచి పక్కకు వాలుతుంది. మునగలేదని ఊరుకుంటే ఆ చేప పోయినట్టే. జెల్ల మాత్రం వాలుగా లాక్కుపోతుంది.

బరువు కోసం పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్ళు ఉన్నారు. ఆ పని ఇంట్లో ఎప్పుడూ చెయ్యవద్దు. సీసం పొగ, ధూళి పిల్లల మెదడుకు హాని చేస్తాయి, బ్యాటరీలోని ఆమ్లం చర్మాన్ని కాల్చుతుంది, కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క పడినా ఆవిరై ఎగిసి ముఖం మీదికి చిమ్ముతుంది. మెకానిక్ షాపులో పారేసే చిన్న నట్లు, వాషర్లు చాలు. లోతైన ప్రవాహంలో పాత స్పార్క్ ప్లగ్ బాగా ఆనుతుంది. తీరిక ఉంటే రేవు బంకమట్టిని గోళీలంత ఉండలు చేసి, ఈనెతో రంధ్రం పెట్టి, నీడలో ఆరబెట్టి, పొయ్యి నిప్పులో కాల్చుకోండి. వలలకు కాల్చిన మట్టి గుండ్లు కట్టుకోవడం మనకు పాత అలవాటే, పిల్లవాడికి ఆ పని బాగా నచ్చుతుంది.

ఎర సంగతి నీకు తెలిసినదే. పెంటకుప్ప పక్కన తడి మట్టిలో ఎర్రలు, అంటే వానపాములు, దొరుకుతాయి. గోధుమపిండిలో తవుడు, పొడి చేసిన వేరుశనగ చెక్క కలిపి ముద్ద చేసేటప్పుడు కొంచెం దూదిని పీచులుగా విడదీసి కలిపితే పారే నీటిలో ముద్ద ముల్లును వదలదు.

కొర్రమీను కోసం వేరే సరంజామా కావాలి. అది గడ్డి, తామరాకుల మధ్య ఉంటుంది, గాలి పీల్చడానికి పైకి వస్తుంది, పళ్ళతో దారాన్ని కొరుకుతుంది. ముల్లుకు పైన బెత్తెడు పొడవున సైకిల్ బ్రేకు తీగలోంచి విడదీసిన ఒక పోగును కట్టు. చాలామంది బతికున్న కప్పను గుచ్చుతారు. నాకు అది ఇష్టం లేదు, అవసరం కూడా లేదు. చెప్పు రబ్బరును బాదం గింజ ఆకారంలో కోసి, 1/0 ముల్లు కాడను అందులోంచి దూర్చి, ముల్లు మొన రబ్బరు వీపును ఆనుకొని పైకి ఉండేలా అమర్చు. వెనుక పాత సైకిల్ ట్యూబును రెండు సన్నని పోగులుగా కోసి కప్ప కాళ్ళలా కట్టు. మొన పైకి ఉంటుంది కనుక గడ్డికి తగులుకోదు. ఆకుల మీదికి లాగి, ఖాళీ నీటిలోకి జారవిడిచి, ఒక క్షణం ఆపు. పట్టు ఎక్కువగా ఆ ఆగినప్పుడే పడుతుంది. వానాకాలంలో నీటి మీద ఎర్రని పిల్లల గుంపు బుడబుడమంటూ కనిపిస్తే అక్కడ మాత్రం వెయ్యకు. వాటి కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి, దగ్గరికి వచ్చిన దేన్నైనా తరుముతాయి కనుక పట్టడం చాలా తేలిక, కానీ కాపలా చేప పోతే ఆ పిల్లలన్నిటినీ ఇతర చేపలు, కొంగలు ఒక్క పూటలో తినేస్తాయి.

జెల్లలు, మార్పులు, ఇంగిలాయిలు అనే చేపలు పడినప్పుడు వాటి పక్క రెక్కల ముళ్ళు జాగ్రత్త. గుచ్చుకుంటే చర్మం కాలనంత వేడి నీళ్ళలో చెయ్యి ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. వాపు పెరిగితే ఆసుపత్రికి తీసుకెళ్ళు. చెరువుకు వెళ్ళేటప్పుడు దాన్ని ఏ మత్స్యకారుల సంఘం వేలం పాటకు తీసుకుందో కనుక్కొని, వాళ్ళను అడిగి కూర్చో, అది వాళ్ళ జీవనాధారం. చిక్కుపడి తెగిన దారాన్ని గట్టున వదలకుండా ఇంటికి తెచ్చి ముక్కలు చేసి పారెయ్యి, పిట్టల కాళ్ళకు చుట్టుకుంటుంది. కరెంటు తీగల కింద కర్ర ఎత్తకూడదు. తడిసిన వెదురులో కూడా కరెంటు పారుతుంది.

జూన్‌లో కాలువకు నీళ్ళు వచ్చిన మొదటి రోజుల్లో నీరు బురదగా, వేగంగా ఉంటుంది, బెండు నిలవదు, గట్టు కూడా నాని జారుతుంది. నీరు తేటపడేదాకా ఆగి, రేవు మెట్లున్నచోట, లాకులకూ తూములకూ దూరంగా కూర్చోండి. పిల్లవాడికి ఈత వచ్చేదాకా వాడి పక్కన నువ్వు కర్ర పట్టుకోవద్దు. వాణ్ణి కనిపెట్టుకొని ఉండడమే నీ పని. మా ఇంటి వెనుక పొదలో ఈ ఏడు మంచి వెదురు ఉంది. మాఘమాసం వెళ్ళేలోగా ఒక ఆదివారం ఇద్దరూ వస్తే కోసి ఇస్తాను.

ఇట్లు,
మీ మామయ్య