అమ్మ వెండి రూపాయలు తమ్ముడి బీరువాలో ఉన్నాయి... నాకు హక్కు ఉందా?

ప్రశ్న: మా అమ్మ దగ్గర విక్టోరియా రాణి, అయిదో జార్జి బొమ్మలున్న వెండి రూపాయలు 42 ఉండేవి. వాళ్ల నాన్న ఇచ్చినవి. "ఇవన్నీ నీకే" అని నా చిన్నప్పటి నుంచీ అనేది. మా పాప పుట్టినప్పుడు రెండు నా చేతిలో పెట్టింది, మిగతావి తన పెట్టెలోనే ఉంచుకుంది. వీలునామా రాయకుండానే పోయింది. నాన్న అంతకుముందే పోయారు. మేమిద్దరమే పిల్లలం. "అమ్మ నాణేలు నా దగ్గరే ఉన్నాయి, ఇవ్వను. కావాలంటే వెండి రేటు కట్టి సగం డబ్బు తీసుకో" అని తమ్ముడు వాట్సాప్‌లో పెట్టి రెండున్నరేళ్లయింది. కోపంలో ఆ చాట్ డిలీట్ చేసేశాను. అమ్మ జ్ఞాపకాన్ని వెండి రేటుతో తూస్తారా? అమ్మ రాసినట్టు పాత తేదీతో ఒక కాగితం తయారు చేద్దామని మా బంధువు ఒకాయన అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మ బతికుండగా ఆ నాణేలు మీ చేతికి వచ్చాయా, లేదా? మీ కేసు తేలేది దీని మీదే. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం చరాస్తిని దానమివ్వాలంటే రిజిస్టరు పత్రమైనా ఉండాలి, వస్తువును చేతికైనా అప్పగించాలి. "నీకే" అని ఎన్నిసార్లు అన్నా, పెట్టె తాళం అమ్మ దగ్గరే ఉంటే అది దానం కాదు. నోటిమాట వీలునామాగానూ చెల్లదు. వీలునామా రాతలో ఉండాలి, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి.

కాబట్టి పాప పుట్టినప్పుడు ఇచ్చిన రెండూ పూర్తిగా మీవి. మిగతా 40 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ కింద మీ ఇద్దరికీ చెరిసగం. మొత్తం నావేనని దావా వేస్తే నిలబడదు. "ఇవ్వను" అనే హక్కు మీ తమ్ముడికీ లేదు.

ఇక వెల సంగతి. జ్ఞాపకానికి కోర్టు ఖరీదు కట్టదు. అయినా మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది: నాణేలు ఇల్లులాంటివి కావు, లెక్కపెట్టి పంచుకోవచ్చు. పంచడానికి వీలైన ఆస్తిని వస్తు రూపంలో పంచమని అడిగే హక్కు మీకుంది. డబ్బు తీసుకుని ఊరుకోమని మీ తమ్ముడు బలవంతం చేయలేడు. పైగా ఆయన లెక్క సరైనదీ కాదు. ఆ రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో దాదాపు 91.7 శాతం వెండి. ఆయన చూస్తున్నది అంతవరకే. నాణెం ధర ముద్రించిన సంవత్సరం, టంకశాల, అరుగుదల మీద కూడా ఆధారపడుతుంది. 1911 జార్జి రూపాయిలో రాజు దుస్తుల మీద ఏనుగు పందిలా ఉందని గొడవ రేగి, మరుసటి ఏడు బొమ్మ మార్చారు. అందుకే ఆ ఏటి నాణెం కోసం సేకర్తలు వెతుకుతారు. ఏ సంవత్సరాలవి ఉన్నాయో చూడకుండా దేని మీదా సంతకం పెట్టకండి. అలాగని దావాలో లక్షలని రాయకండి, మీ వాటా మార్కెట్ విలువ మీద మీరే కోర్టు ఫీజు కట్టాలి. మీ దగ్గరున్న రెండింటినీ చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుంది, ధర పడిపోతుంది.

ఇప్పుడు మీ తప్పు. ఆ చాట్ ఎందుకు తీసేశారు? నాణేలు తన దగ్గరే ఉన్నాయని ఆయన స్వయంగా ఒప్పుకున్న ఒకే ఒక్క రాత అది. మీ ఫోన్‌లో పోయినా ఆయన ఫోన్‌లో ఉంటుంది. రేపు దావా వేసే గడువు దాటిందని చెప్పడానికి దాన్నే బయటకు తీస్తాడు. చరాస్తి విషయంలో నిరాకరించిన తేదీ నుంచి మూడేళ్లని లెక్కేసుకోవడమే క్షేమం. పన్నెండేళ్లు ఉందని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మి కూర్చోకండి. అంటే మీకు మిగిలింది ఆరు నెలలు. బ్యాకప్‌లో, పాత ఫోన్‌లో, ఇంట్లో ఎవరికైనా ఫార్వర్డ్ చేసి ఉంటే అక్కడ వెతకండి. దొరికితే ఆ ఫోన్‌ను ముట్టుకోకుండా అలాగే ఉంచండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు కావలసిన సర్టిఫికెట్ జతచేసి దాఖలు చేయాలి. పూజలో నాణేలు పళ్లెంలో పేర్చిన పాత ఫోటో ఉంటే పెద్దది చేయించండి, ఒక్క నాణెం మీద సంవత్సరం కనబడినా పనికొస్తుంది.

ఆ బంధువు మాట మాత్రం చెవిన వేసుకోకండి. చనిపోయిన మనిషి పేరుతో వీలునామా సృష్టించడం భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా శిక్షపడే నేరం. సిరా, కాగితం, సంతకం అన్నీ నిపుణుల పరీక్షకు వెళతాయి. చట్టం ఇప్పటికే ఇచ్చిన సగం వాటా కోసం జైలుకు దారి వేసుకుంటారా? తమ్ముడి మీద దొంగతనం కేసు పెట్టాలనీ చూడకండి. ఆయనా సహ హక్కుదారుడే, సివిల్ తగాదా అని పోలీసులు పంపేస్తారు.

ఈ వారమే లాయరు ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించండి. 20 నాణేలు పంచి ఇవ్వమని, ఏవి ఎవరికన్నది నిపుణుడి మదింపు తర్వాత తేల్చుకుందామని అందులో ఉండాలి. మొత్తం 40 మీకే కావాలనుకుంటే ఆయన సగానికి మార్కెట్ ధర చెల్లిస్తానని కూడా రాయించండి. అమ్మ పుట్టింటి వస్తువులన్న మీ మాటకు విలువ వచ్చేది ఇక్కడే. ఒప్పుకోకపోతే విభాగ దావా (వాటా పంచి ఇవ్వమని కోర్టులో వేసే దావా) వేసి, దాంతోపాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డర్ కింద నాణేలను అమ్మకుండా, కరిగించకుండా ఇంజంక్షన్ (ఆపే ఉత్తర్వు) అడగండి. కోర్టు తరఫున కమిషనర్‌ను పంపి ఒక్కో నాణెం సంవత్సరం, బరువు రాయించి, ఫోటో తీయించమనీ కోరండి. జవాబు కోసం పదిహేను రోజులకు మించి ఆగకండి. పెద్దమనుషుల మధ్య మాటలు నడుస్తున్నా లిమిటేషన్, అంటే దావా గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది.