కొత్తగా ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) చేరిన విశ్వాసి ఆఫీసులో ఎలా నడుచుకోవాలి?

బ్రదర్, వందనాలు. మీరు అడిగింది ఇది: బీటెక్ అయ్యాక ప్రకాశం జిల్లాలో ఒక మండలంలో పంచాయతీరాజ్ ఏఈగా ఈమధ్యే చేరారు. కాలేజీలో ఇ.యు. (క్రైస్తవ విద్యార్థుల సహవాసం) కూటాలకు వెళ్ళేవారు. ఇప్పుడు బిల్లుల దగ్గర పర్సెంటేజీలు (బిల్లు మొత్తంలో వాటాగా ఇచ్చే లంచం), ఆదివారం డ్యూటీ, దసరాకి ఆయుధ పూజ ఎదురయ్యాయి. ఆఫీసులో యేసుప్రభువును గురించి మాట్లాడాలా వద్దా అని కూడా రాశారు. ఒంగోలు, నెల్లూరు వైపు ఉద్యోగుల సహవాసాల్లో ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. నిలబడినవాళ్ళు ఏం చేస్తారో, పడిపోయినవాళ్ళు ఎక్కడ పడతారో చెబుతాను.

ముందు ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) సంగతి. ఇంజనీరు సాక్ష్యం ఎక్కువగా ఆ పుస్తకంలోనే ఉంటుంది. కొలత తీసిన రోజే, సైటు దగ్గరే రాయండి. "బిల్లు అర్జంటు సార్, ముందు రాసెయ్యండి, రేపొచ్చి చూసుకుందురు" అని కాంట్రాక్టరు మనిషి పుస్తకం తెరిచి పెడతాడు. ఆ ఒక్కసారి రాశారా, మీ చేతిరాతతో ఉన్న అబద్ధం అతని చేతికి చిక్కినట్టే. రెండోసారి అతను అడగడు, చెబుతాడు. పేజీ చించకూడదు, అంకె చెరపకూడదు. తప్పు పడితే గీత కొట్టి, సరైన అంకె రాసి, పొట్టి సంతకం, తేదీ వెయ్యాలి.

సీసీ రోడ్డు అంచనాలో మందం 15 సెంటీమీటర్లని ఉంటే, కాంక్రీటు పోస్తుండగానే అంచులోనూ నడిమధ్యలోనూ టేపు పెట్టి చూడండి. అంచు దగ్గర 15 చూపించి, మధ్యలో మట్టిని ఎత్తుగా వదిలేసి 10కి దించడం ఎప్పుడూ జరిగే మోసం. గట్టిపడ్డాక ఏ ఫోటోలోనూ అది కనపడదు. బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మలు, అంటే క్యూబులు, 150 మిల్లీమీటర్లవి, అక్కడ పోస్తున్న మాలులోంచే మీ కళ్ళెదుట తీయించండి. విడిగా సిమెంటు ఎక్కువేసి చేసిన క్యూబులు ల్యాబుకు వెళ్తుంటాయి. తేదీ, సైటు పేరు పచ్చిగా ఉన్నప్పుడే మేకుతో గీయించి 7 రోజులకు, 28 రోజులకు పరీక్ష చేయించండి. ఎం20 రకం కాంక్రీటు అయితే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం రావాలి. మన ఎండలకు క్యూరింగు (నీళ్ళతో తడిపి ఉంచడం) 10 రోజులకు తగ్గకూడదు. పడమటి పల్లెల్లో నీళ్ళు ట్యాంకరుతో తేవాల్సి వస్తుంది కాబట్టి మూడో రోజుకే ఆపేస్తారు. తడి గోనెపట్టాలు కప్పించి రోజుకు రెండుసార్లు తడిపించండి. ఆ రోడ్డు మీద నడిచేది మన పొరుగువాడే. అతన్ని ప్రేమించడమంటే ఈ ఉద్యోగంలో ఇదే.

పర్సెంటేజీ దగ్గర మీ వాటా వద్దని మెల్లగా, ఒకే మాటగా చెప్పండి. ప్రసంగం అక్కర్లేదు. ఇక్కడ మంచివాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది: డబ్బు తీసుకోరు, కానీ ఫైలు వారాల తరబడి కదలదు. ఎదుటివాడికి అది బేరంలాగే కనిపిస్తుంది. తీసుకోని ఉద్యోగి బల్ల మీద బిల్లు అందరికన్నా త్వరగా కదలాలి. కొర్రీలు (అభ్యంతరాలు) ఉంటే అన్నీ ఒకేసారి, కాగితం మీద రాసివ్వాలి. సంక్రాంతికి బియ్యం బస్తా, ఇంట్లో ఫంక్షన్‌కి ఉంగరం వస్తే అదే రోజు వెనక్కి పంపండి. 1964 నాటి ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదని చెబితే సరిపోతుంది, నొచ్చుకునేవాళ్ళు తక్కువ. ఆస్తుల వివరాలు ఏటా జనవరి 15 లోపు ఇచ్చెయ్యండి. ఎవరైనా కవరు సొరుగులో పెట్టి వెళ్తుంటే ముట్టుకోకుండా, పక్కనున్నవాళ్ళని పిలిచి, వాళ్ళ ముందే తీసుకుపొమ్మనండి. ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) వల పన్నినప్పుడు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు, సోడా నీళ్ళలో చేతులు కడిగిస్తే గులాబీ రంగొస్తుంది. నిర్దోషి కూడా అక్కడ చాలా చెప్పుకోవాల్సి వస్తుంది. ఇక బదిలీకో పోస్టింగుకో మిమ్మల్నే డబ్బడిగితే, అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇచ్చినవాడూ నేరస్తుడే. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే 7 రోజుల్లోపు ఫిర్యాదు చేస్తేనే చట్టం రక్షణ ఇస్తుంది. ఏసీబీ నంబరు 1064.

ఇదంతా మన నేలకు కొత్త కాదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. ఆయనకు సర్వే పని తెలుసు. కూలీలకు డబ్బు సరిగ్గా చేతికందేలా చూశారు. కరువు సాయం నడిచినన్నాళ్ళూ, డబ్బు కోసం వచ్చారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను మన సంఘాల్లో అందరూ చెబుతారు. దాని ముందు నడిచిన కూలి లెక్కలను కూడా చెప్పాలని నా కోరిక.

వేరే ఉద్యోగాల్లో ఉండి ఇది చదివేవాళ్ళకు క్లుప్తంగా. ధాన్యం కొనుగోలులో ఉన్నవారు తేమ మీటరు రైతు కళ్ళెదుట పెట్టండి. హద్దు 17 శాతం. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. తరుగు పేరుతో బస్తాకు కిలో, రెండు కిలోలు లాగితే పుట్టికి ఎంత పోతుందో రైతుకు మీరే లెక్క కట్టి చెప్పండి. రొయ్యల ల్యాబుల్లో ఉన్నవారు తెల్ల మచ్చ వైరస్ ఉన్న రొయ్య పిల్లకు పీసీఆర్ (వైరస్ పరీక్ష) రిపోర్టు నెగటివ్ ఇవ్వకండి. అది ఒక రైతు చెరువుతో ఆగదు, పక్క చెరువులకూ పాకుతుంది. మందుల కంపెనీ కమీషను తీసుకుని రైతుకు సలహా చెప్పేవాళ్ళదీ ఇదే పాపం. దొంగ త్రాసు దేవునికి హేయమని సామెతల గ్రంథం అంటే, ఆ మాట ఈ మీటర్లకూ వర్తిస్తుంది.

ఆయుధ పూజ. ముందు వారమే మీ పై అధికారి డీఈ గారిని ఒంటరిగా కలిసి, "పూజలో పాల్గొనలేను సార్, మిగతా ఏ పనైనా చేస్తాను" అని చెప్పండి. ఆ రోజు సెలవు పెట్టి పారిపోకండి. కుర్చీలు వేయండి, మంచినీళ్ళు తెప్పించండి, మధ్యాహ్నం అందరితో కూర్చుని తినండి. ప్రసాదం ఇస్తే నమస్కారం పెట్టి వద్దనండి. తీసుకుని చాటుగా పారేయడం అన్నిటికన్నా చెడ్డది. విగ్రహాలకు పెట్టిన తిండి గురించి చెప్పే 1 కొరింథీ 8, 10 అధ్యాయాలు చదివినవాళ్ళు మన సంఘాల్లోనే రెండు రకాలుగా నడుచుకుంటారు, తోటి విశ్వాసికి తీర్పు తీర్చకండి.

సువార్త చెప్పే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం ప్రకారం మీకు పౌరుడిగా ఉంది. కానీ మీ సంతకం కోసం నిలబడ్డ మనిషికి మాత్రం చెప్పకండి. బిల్లు మీ చేతిలో ఉన్నంతసేపు అతను "వద్దు" అనలేడు, తల ఊపుతాడు. మీ కింద పనిచేసేవాళ్ళ విషయంలోనూ అంతే. సమానస్థాయి మిత్రుడు టీ కొట్టు దగ్గర "నువ్వెందుకు తీసుకోవు?" అని అడిగితే అప్పుడు నిండుగా చెప్పండి. ఆ ప్రశ్న తప్పక వస్తుంది.

ఆదివారం గురించి: సంక్రాంతికి, దసరాకు తోటివారి డ్యూటీ మీరు తీసుకుంటే, ఆరాధన వేళకు వాళ్ళు మిమ్మల్ని వదులుతారు. తుపాను డ్యూటీ, ఎన్నికల డ్యూటీ అయితే మాత్రం బేరం వద్దు, వెళ్ళండి.

మనవాళ్ళు బయటికి అడగని ప్రశ్న కుల ధ్రువపత్రం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు, దానికి రిజర్వేషను 1 శాతం. ఈ తేడా అన్యాయమని వాదించడానికి మనకు హక్కుంది, నేనూ అదే అంటాను. 2022లో వేసిన బాలకృష్ణన్ కమిషన్‌కు అప్పగించింది కూడా ఈ విషయాన్నే. కానీ ప్రమాణపత్రంలో అబద్ధం రాస్తే మనస్సాక్షికీ, ఉద్యోగానికీ రెంటికీ ముప్పు. సర్వీసు పుస్తకంలో ఏముందో చూసుకుని, మంచి లాయరును కలిసి, ఆ తర్వాతే అడుగు వెయ్యండి.

లంచానికి అసలు వేరు చాలాసార్లు అప్పు. కారు కిస్తీ, ఇంటి కిస్తీ, చీటీ కలిపి జీతంలో మూడో వంతు దాటకుండా చూసుకోండి. ఆపైన కట్నం. ప్రభుత్వ ఉద్యోగం రాగానే మీ రేటు కడతారు, సంబంధం తెచ్చిన పెద్దాయన ప్రార్థన చేసి మరీ అంకె చెబుతాడు. 1961 వరకట్న నిషేధ చట్టంలో కట్నానికి కనీస శిక్ష 5 ఏళ్ళు. సంబంధాలు చూడకముందే అమ్మానాన్నలకు మీ నిర్ణయం చెప్పి ఒప్పించండి. ఆడపెళ్ళివారు ఇంటికొచ్చి కూర్చున్నాక చెబితే ఎవరూ వినరు.

ఒంటరిగా ఇవన్నీ నిలవవు. ఇ.యు. తర్వాత ఇ.జి.ఎఫ్. (పట్టభద్రుల సహవాసం) ఉంది, అందులో చేరండి. దాంతోపాటు ఇదే రకం ఉద్యోగంలో ఉన్న ఇద్దరు ముగ్గురితో నెలకోసారి కూర్చోండి. వాక్యధ్యానంతో లేచిపోకుండా మూడు సంగతులు ఒకరినొకరు అడగండి: ఈ నెల ఎవరు ఏమివ్వబోయారు, అప్పు ఎంతుంది, మన బల్ల మీద ఎవరి కాగితం ఆగి ఉంది. అక్కడ విన్నది భార్యకు కూడా చెప్పకూడదు.

శనివారం సాయంత్రం రెండు గంటలు మీ పల్లెలో కూర్చుని పింఛను, రేషను, ఇంటిస్థలం కాగితాలు రాసిపెట్టండి, సంఘానికి వచ్చేవాళ్ళకీ రానివాళ్ళకీ. పని కదలకపోతే సమాచార హక్కు అర్జీ రాయించండి: గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. నకలు మీద ముట్టినట్టు సీలు వేయించుకుని, దాన్ని అర్జీదారు ఇంట్లోనే పెట్టించండి.