స్పానిష్ రాని అమ్మను మెక్సికో తీసుకెళ్లొచ్చా? నిశ్చింతగా తీసుకెళ్లండి

"అమ్మానాన్నలు అమెరికా వచ్చారు, వాళ్లకి మెక్సికో చూపించాలని ఉంది, కానీ మాలో ఎవరికీ స్పానిష్ రాదు, భాష రాకుండా వెళ్తే ఇబ్బంది పడతామా?" అని మీరు అడిగారు. పడరు. నిశ్చింతగా తీసుకెళ్లండి. కాకపోతే కాంకూన్‌కి కాదు, దక్షిణ మెక్సికోలో ఉన్న వహాకాకి తీసుకెళ్లండి. ఎక్కడికి వెళ్లాలని మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను.

మా హ్యూస్టన్‌లో తెలుగువాళ్లని కదిలిస్తే సగం మంది మెక్సికో చూసొచ్చామంటారు. మెక్సికోలో ఎక్కడికి అంటే కాంకూన్. చేతికి రిసార్ట్ వాళ్ల బ్యాండు, మూడు పూటలా బఫే, స్విమ్మింగ్ పూల్, ఇంగ్లిష్‌లో మాట్లాడే వెయిటర్లు. 1970ల్లో మెక్సికో ప్రభుత్వమే పనిగట్టుకుని టూరిస్టుల కోసం కట్టించిన ఊరు అది. సముద్రం చాలా బాగుంటుంది, కాదనను. కానీ అంత దూరం వెళ్లి, ఒక్క మెక్సికన్ ఇంటి గడప తొక్కకుండా, ఒక్క ఇంటివాళ్ల చేతి అన్నం తినకుండా తిరిగొచ్చేస్తున్నారే అని నాకు నిజంగా బాధేస్తుంది. అమ్మానాన్నల వయసువాళ్లకి అయితే ఆ రిసార్టుల్లో రెండో రోజుకే తోచదు.

నాకు వచ్చిన స్పానిష్ చాలా తక్కువ. పలకరింపులు, అంకెలు, తిండి పేర్లు, "ఎంత", "ఎక్కడ", "వద్దు", "బాగుంది". అమ్మకి అది కూడా రాదు. అమ్మది చీరాల. తెలుగు తప్ప ఇంకో భాష మాట్లాడదు, మాట్లాడాలన్న ఆదుర్దా కూడా లేదు. ఎదుటివాళ్లు ఎవరైనా సరే తెలుగులోనే మాట్లాడుతుంది. హ్యూస్టన్‌లో మా పక్కింటావిడతోనూ అంతే. ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని వెళ్లినందుకే నాకు మెక్సికో అసలు రూపం కనిపించిందని గట్టిగా నమ్ముతాను.

వహాకా నుంచి మిట్లా వెళ్లే రోడ్డులో సుమారు 30 కిలోమీటర్లు వెళ్తే తియోతిత్లాన్ దెల్ వాయె అనే ఊరు వస్తుంది. జపోటెక్ అనే స్థానిక ఆదివాసుల ఊరు. అక్కడ ఏ ఇంట్లో చూసినా ఉన్ని తివాచీలు నేస్తారు. మేము షేర్ టాక్సీలో వెళ్లాం. కలెక్టివో అంటారు దాన్ని. అద్దం మీద ఊరి పేరు రాసి ఉంటుంది, చూసి చెయ్యెత్తితే ఆగుతుంది, ఇందులో భాషతో పనేముంది? హైవే మీద దిగి ఊళ్లోకి మోటో టాక్సీ ఎక్కాలి. అమ్మ దాన్ని చూడగానే "ఇది మన బజాజ్ ఆటోనే కదే!" అంది. నిజంగానే బజాజ్. అక్కడితో అమ్మకి ఆ దేశం మీద ఉన్న కాస్త భయం కూడా పోయింది.

తివాచీలు బయట ఆరేసి ఉన్న ఒక ఇంటి ముందు ఆగి "బ్యూనోస్ దియాస్" అన్నాను. లోపలినుంచి అదే మాట తిరిగొచ్చింది, రమ్మన్నారు, వెళ్లాం. అమ్మ తివాచీల వంక చూడలేదు, తిన్నగా మగ్గం దగ్గరికి వెళ్లింది. చీరాలలో పుట్టిపెరిగిన మనిషి కదా. వంగి కిందకి చూసి, "గుంట లేదేంటే?" అంది. మనవాళ్లు గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తారు, అక్కడ నేతపనివాళ్లు నిలబడి నేస్తారు. కాలితో తొక్కే ఆ మగ్గం స్పెయిన్ వాళ్లు వచ్చాక వచ్చింది. నేస్తున్నాయన అమ్మ చూపు చూసి అర్థం చేసుకున్నాడు. మగ్గం దిగి పక్కకి జరిగి, నాడె అమ్మ చేతికిచ్చాడు. అమ్మ చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని తొక్కుడు కర్ర మీద కాలు వేసింది. పడుగు దారాలు వేలితో మీటి చూసి, "బిగువు బాగుందయ్యా" అని తెలుగులో చెప్పింది. ఆయన తల ఊపాడు.

తర్వాత ఆయన భార్య వచ్చి రంగుల సంగతి చూపించింది. నాగజెముడు మీద పెరిగే ఒక చిన్న పురుగుని ఎండబెట్టి అందులోంచి ఎర్ర రంగు తీస్తారు. కొచినీల్ అంటారు. ఆవిడ ఆ ఎండు పురుగులు నాలుగైదు అమ్మ అరచేతిలో పోసి బొటనవేలితో నలిపింది. చెయ్యంతా కుంకుమ రంగు అయింది. దాని మీద నిమ్మకాయ పిండింది. చూస్తుండగానే ఎరుపు కాస్తా నారింజ రంగులోకి తిరిగింది. అమ్మ తన చెయ్యి ఎత్తి నాకు చూపించి, మళ్లీ ఆవిడకి చూపించి, ఇద్దరూ నవ్వుకున్నారు. నేను అక్కడ ఉన్నా లేకపోయినా ఒకటే.

ఇంతలో పక్కింటి పెరట్లోంచి పొగ, ఆడవాళ్ల మాటలు. ఏమిటని సైగ చేస్తే ఆవిడ "బోదా" అంది, అంటే పెళ్లి. వాళ్ల బంధువులబ్బాయిదట. రమ్మంది. "పిలవని పేరంటానికి ఎలా వెళ్తాం, వద్దులే" అని నేను అంటున్నా వినకుండా అమ్మ మణికట్టు పట్టుకుని తీసుకెళ్లిపోయింది. అమ్మ కూడా వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

ఆ పెరడు ఇప్పటికీ కళ్లముందే ఉంది. పెద్ద పెద్ద మట్టి కుండలు, వాటి కింద కట్టెల మంట. ఒక పక్క మొక్కజొన్న గింజలు సున్నం నీళ్లలో ఉడికించి నానబెట్టారు, పైతొక్క ఊడిపోతోంది. అలా చేస్తేనే పిండికి జిగురొచ్చి రొట్టె విరగకుండా వస్తుంది. ఒకావిడ మోకాళ్ల మీద కూర్చుని రాతి మీద ఆ పిండి నూరుతోంది. వచ్చినవాళ్లు ముందు పెద్దవాళ్లందరి దగ్గరికీ పేరుపేరునా వెళ్లి చేతులు తాకి పలకరించి, ఆ తర్వాతే కూర్చుంటున్నారు. అమ్మ కూడా చూసి ఒక్కొక్కరికీ నమస్కారం పెట్టుకుంటూ వెళ్లింది. చివర్న పొయ్యి పక్కన ఉన్న ముసలావిడ అమ్మకి ఒక చిన్న పీట చూపించింది. అమ్మ కూర్చుని, ఎదురుగా ఉన్న పళ్లెంలో వెల్లుల్లి కనిపిస్తే లాక్కుని ఒలవడం మొదలుపెట్టింది. ఎవరూ వారించలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ ముసలావిడకి కూడా స్పానిష్ అంతంతమాత్రమే. ఆ ఊళ్లో పెద్దవాళ్లు మాట్లాడుకునేది జపోటెక్. నేను కష్టపడి స్పానిష్‌లో ఏదో అంటే, ఆవిడ కూడా అంతే కష్టపడి స్పానిష్‌లో జవాబిచ్చింది. మెక్సికోలో స్పానిష్ కాకుండా 68 దేశీయ భాషలున్నాయని ప్రభుత్వమే లెక్క చెబుతుంది. భాష రాని పరాయి మనిషితో ఎలా మెలగాలో వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ రోజు శనివారం. అమ్మ శనివారం నీచు తినదు. వాళ్లేమో కోడిమాంసం, గుడ్లు కలిపి వండిన హిగదీతో గిన్నెలు పట్టుకొచ్చారు. పెళ్లిళ్లలో పొద్దున పూట పెట్టే వంట అది. నాకు టెన్షన్ మొదలైంది, తిరస్కరిస్తే ఏమనుకుంటారో అని. "ఓయ్, నో కార్నె" అన్నాను, అంటే ఈ రోజు మాంసం వద్దని. అమ్మ ఆకాశం వైపు చెయ్యి చూపించి దణ్ణం పెట్టింది. ముసలావిడ వెంటనే తలూపి "ప్రోమేసా" అంది. మొక్కు అన్నమాట. వాళ్లకీ మొక్కులున్నాయి, ఈస్టర్ ముందు శుక్రవారాలు మాంసం మానేయడం ఉంది. ఇంకేం వివరించాల్సి రాలేదు. అమ్మకి నల్ల బీన్స్, వేడివేడి టోర్టియాలు అనే మొక్కజొన్న రొట్టెలు, బ్రెడ్డు, మీద నురగ తేలే చాక్లెట్ అతోలె అనే జావ వచ్చాయి. నాకు హిగదీతో వచ్చింది. గిన్నె ఖాళీ కాకముందే మళ్లీ వచ్చింది.

తింటుండగా అమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "అటు చూడవే, చదివింపులు రాస్తున్నారు" అంది. నిజమే. గుమ్మం పక్కన చిన్న బల్ల వేసుకుని ఒకాయన నోట్‌బుక్కులో రాస్తున్నాడు. ఒకాయన టర్కీ కోడిని తెస్తే దాన్ని తూకం వేసి, ఎవరు తెచ్చారు, ఎంత బరువు అని రాశాడు. మొక్కజొన్నలు, పంచదార, గుడ్లు, అన్నీ అంతే. దీన్ని అక్కడ గెలగెత్సా అంటారు. రేపు వాళ్లింట్లో పెళ్లయితే వీళ్లు అదే లెక్కన తిరిగివ్వాలి, ఏళ్లు గడిచినా సరే. ఎవరి పెళ్లికైనా వెళ్లబోయే ముందు మా నాన్న బీరువాలోంచి పాత చదివింపుల పుస్తకం తీసి చూడటం చిన్నప్పటినుంచీ ఎరుగుదును కాబట్టి నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అమ్మకి అంతకంటే ముందే అర్థమైంది.

అర్థమై ఊరుకుందా? పర్సులోంచి 500 పెసోల నోటు తీసి బల్ల దగ్గరికి వెళ్లింది. ఆయన వద్దన్నాడు. అమ్మ నోట్‌బుక్కు మీద వేలు పెట్టి "రాయండి" అంది. ఆయన ముసలావిడ వంక చూశాడు. ఆవిడ జపోటెక్‌లో ఏదో అంది. అప్పుడు పుస్తకం నా వైపు తిప్పాడు. అమ్మ పేరు రాసి, పక్కన ఇండియా అని రాశాను. బయల్దేరేటప్పుడు ఒక సంచీ నిండా బ్రెడ్డు, టోర్టియాలు గుడ్డలో చుట్టి ఇచ్చారు, మోయలేనంత. మా తమ్ముడి పెళ్లికి వాళ్లని పిలవాలని అమ్మ అప్పటినుంచీ అంటూనే ఉంది, సీరియస్‌గానే.

ఇదంతా అదృష్టం అని మా వారు అంటారు. నేను ఒప్పుకోను. మెక్సికోలో మర్యాద అడుగడుగునా ఉంటుంది, దాన్ని అందుకునే తీరు మనకి ఉండాలి. దుకాణంలోకి వెళ్తూనే పలకరించాలి, ధర తర్వాత. మన వాళ్లు లోపలికి వెళ్తూనే "హౌ మచ్" అని అరుస్తారు, అక్కడే సగం చెడిపోతుంది. హోటల్లో పక్క టేబుల్ వాళ్లు భోంచేస్తుంటే దాటివెళ్లేటప్పుడు "ప్రొవేచో" అంటారు, అంటే హాయిగా భోంచేయండి అని, ముక్కూ మొహం తెలియకపోయినా. మీరూ అనండి, ఎలా వెలిగిపోతారో చూడండి. పెట్టింది తినండి, తినలేనిది కట్టి ఇమ్మనండి, వాళ్లకి అదే ఇష్టం.

ఫోన్‌లో అనువాదం యాప్ మాత్రం మొహం మీద పెట్టకండి. మనిషి కళ్లలోకి చూడకుండా ఫోన్ చాపితే ఎవరు మాట్లాడతారు? ఎలర్జీలు, మందులు, ఆస్పత్రి లాంటి వాటికి వాడండి, మిగతా అన్నిటికీ చేతులు, వేళ్లు చాలు. ఇంకొకటి, నేతపనివాళ్ల దగ్గర బేరాలాడకండి. పెద్ద తివాచీకి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. సగానికి సగం అడగడం గొప్పగా చెప్పుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. చీరాలలో, మంగళగిరిలో మన నేతన్నల దగ్గర కూడా ఇలాగే చేస్తారు.

తిండి గురించి మీ అమ్మగారు బెంగపెట్టుకోనక్కర్లేదు. మధ్యాహ్నం చిన్న హోటళ్లలో కొమీదా కొరీదా అని దొరుకుతుంది. సూప్, అన్నం, కూర, టోర్టియాలు, తాగడానికి పళ్ల నీళ్లు, తక్కువ ధరలోనే. ఆ నీళ్లలో హమైకా అనే ఎర్రటిది అడగండి. ఎర్ర గోంగూర మొక్కకి కాసే కాయల రేకులు ఎండబెట్టి, మరిగించి, పంచదార కలిపి చేస్తారు. అమ్మ ఒక్క గుక్కకే పోల్చేసింది. శాకాహారులైతే బీన్స్‌లో పందికొవ్వు వేశారేమో అడగాలి, "మంతేకా" అంటారు దాన్ని. అన్నంలో కోడిమాంసం ఉడికించిన నీళ్లు పోశారేమో కూడా అడగండి. ఈ రెండూ అడగకపోతే వాళ్లు చెప్పరు, వాళ్ల దృష్టిలో అది మాంసం కాదు.

భయం గురించి కూడా ఒక మాట. సినలోవా, తమౌలిపాస్ లాంటి రాష్ట్రాలకి వెళ్లొద్దని అమెరికా ప్రభుత్వం హెచ్చరిస్తుంది, అటు వెళ్లకండి. వహాకాలో చీకటి పడ్డాక ఊళ్ల మధ్య ప్రయాణాలు పెట్టుకోకండి. మెక్సికో సిటీ నుంచి రావాలంటే ఆదో (ADO) అనే కంపెనీ బస్సులు బాగుంటాయి, ఆరేడు గంటలు.

అమ్మానాన్నల పాస్‌పోర్టులో గడువున్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. జూలై చివర్లో గెలగెత్సా పేరుతో వహాకాలో పెద్ద నృత్యోత్సవం జరుగుతుంది, అప్పుడు గదులు దొరకడం కష్టం. నవంబరు నుంచి మార్చి దాకా వానలుండవు, అప్పుడు వెళ్లండి. వహాకా సుమారు 1,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి రాత్రుళ్లు చలి వేస్తుంది, మీ నాన్నగారికి ఒక స్వెటరు పెట్టండి.