సూపర్ మార్కెట్ సొంత బ్రాండు బీరు క్రాఫ్టేనా? ఆ క్యాన్లు నింపినవాడిగా నా జవాబు

మీరు అడిగింది ఇదీ: సూపర్ మార్కెట్ తన సొంత పేరు మీద అమ్మే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్, చేదు, వాసన ఎక్కువుండే బీరు రకం) క్యాను ఒకటి కొన్నారు, పైన పెద్ద అక్షరాలతో క్రాఫ్ట్, అంటే చిన్న బ్రూవరీలో శ్రద్ధగా చేసిన బీరు, అని ఉంది, తాగితే బాగానే ఉంది. మీ ఫ్రెండేమో అదంతా ఫ్యాక్టరీ సరుకు, క్రాఫ్ట్ కానే కాదు అని కొట్టిపారేశాడు. ఎవరిది కరెక్ట్, అసలు క్రాఫ్ట్ అనడానికి లెక్కేమిటి అని.

నేను ఒక చిన్న బ్రూవరీలో నాలుగేళ్లు పనిచేశాను. మొదటి ఏడాదిన్నర క్యానింగ్ లైన్ మీద, ఆ తర్వాత ట్యాంకుల దగ్గర. అందులో మూడేళ్ల పాటు చాలా బ్రాంచీలున్న ఒక సూపర్ మార్కెట్‌కి వాళ్ల సొంత బ్రాండు పేల్ ఏల్ (లేత రంగు బీరు రకం) మేమే తయారుచేసి ఇచ్చాం. ఎవరికన్నది చెప్పను, ఒప్పందంలో అలాగే ఉండేది. కానీ జరిగింది మాత్రం పూర్తిగా చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

ముందు మీ ఫ్రెండు మాట. సూపర్ మార్కెట్‌కి సాధారణంగా సొంత బ్రూవరీ ఉండదు, ఆ బీరు ఎవరో ఒకరి ట్యాంకులోంచే రావాలి. ఆ ఎవరో పెద్ద ఫ్యాక్టరీ కావచ్చు, మాలాగా పన్నెండు మంది పనిచేసే షెడ్డు కూడా కావచ్చు. మొదటి ఏడాది మా దగ్గర ఎలా నడిచిందంటే, రెండు వేల లీటర్ల ట్యాంకు ఒకటి రెడీ అయ్యేది. పొద్దున ఆరింటికి లైన్ మొదలుపెట్టి సగం బీరు మా లేబుల్ ఉన్న క్యాన్లలో నింపేవాళ్లం. తొమ్మిదింటికి లైన్ ఆపి, లేబుల్ రోల్ తీసేసి సూపర్ మార్కెట్ రోల్ ఎక్కించి, జిగురు అంచు సరిగా పడుతోందో లేదో నాలుగైదు ఖాళీ క్యాన్ల మీద చూసుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. మొత్తం ఇరవై నిమిషాల పని. అదే ట్యాంకు, అదే పైపు, అదే బీరు. మధ్యాహ్నానికి రెండు రకాల పెట్టెలు పక్కపక్కన ఉండేవి, ఒకదాన్ని ప్రత్యేకంగా వెతికి కొనే జనం ఉన్నారు, రెండోదాన్ని మీ ఫ్రెండులాంటి వాళ్లు ఫ్యాక్టరీ సరుకు అని పక్కన పెడతారు. అలాంటి రోజున నింపిన క్యాను మీ చేతికి వచ్చి ఉంటే అది అన్ని రకాలుగా క్రాఫ్టే.

ఇప్పుడు లెక్క సంగతి. ప్రపంచమంతా ఒప్పుకున్న నిర్వచనం ఒకటంటూ లేదు. ఎక్కువ మంది చెప్పేది అమెరికాలోని చిన్న బ్రూవరీల సంఘం బ్రూవర్స్ అసోసియేషన్ పెట్టుకున్నది: ఏడాదికి 60 లక్షల బ్యారెళ్లకు మించి తయారుచేయకూడదు, క్రాఫ్ట్ బ్రూవర్ కాని మద్యం కంపెనీకి అందులో 25 శాతం వాటా గానీ పెత్తనం గానీ ఉండకూడదు. 60 లక్షల బ్యారెళ్లంటే దాదాపు 70 కోట్ల లీటర్లు. ఇది "చిన్న" అట! 2011కి ముందు ఆ హద్దు 20 లక్షల బ్యారెళ్లే, శామ్యూల్ ఆడమ్స్ తయారుచేసే బోస్టన్ బీర్ కంపెనీ దానికి దగ్గరపడేసరికి మూడింతలు చేశారు. పాతకాలపు పద్ధతిలో చేయాలి అనే షరతు కూడా ఒకటి ఉండేది, 2018లో దాన్నీ తీసేశారు. పక్కన ఇటలీని చూడండి, అక్కడ 2016లో ఏకంగా చట్టమే చేశారు. బ్రూవరీ చిన్నదై, స్వతంత్రంగా ఉండాలి, ఏడాదికి 2 లక్షల హెక్టోలీటర్లు, అంటే 2 కోట్ల లీటర్లు దాటకూడదు, ఇతరుల కోసం చేసిచ్చేది కూడా ఆ లెక్కలోకే వస్తుంది, పైగా బీరుని పాశ్చరైజ్ చేయకూడదు, సన్న ఫిల్టర్లతో వడకట్టకూడదు. అమెరికా లెక్క కంపెనీ ఎవరిదో చూస్తుంది. ఇటలీ లెక్క దాంతోపాటు గ్లాసులో ఏముందో కూడా చూస్తుంది. నాకు ఇటలీదే నచ్చుతుంది.

సైజు, యాజమాన్యం ముఖ్యం కాదని నేననను. 2011లో గూస్ ఐలాండ్ అనే అమెరికా క్రాఫ్ట్ బ్రూవరీని పెద్ద బీరు కంపెనీ ఏబీ ఇన్‌బెవ్ కొనేసింది, 2015లో లండన్‌లోని కామ్డెన్ టౌన్ బ్రూవరీని కూడా కొంది. లగునిటాస్ అనే ఇంకో అమెరికా బ్రూవరీలో సగం వాటా 2015లో, మిగతాది 2017లో హైనెకెన్ అనే మరో పెద్ద కంపెనీ చేతికి వెళ్లింది. క్యాను మీద బొమ్మ మారలేదు, పేరు మారలేదు, క్రాఫ్ట్ అనే వాసన మాత్రం అలాగే అంటిపెట్టుకుని ఉంది. కాబట్టి సొంత బ్రాండు క్యాను చూసి ముఖం చిట్లించి, ఆ పక్కనే ఉన్న రంగురంగుల "క్రాఫ్ట్" క్యాను తీసుకునేవాళ్లు ఒక్కోసారి పెద్ద కంపెనీ బీరే తీసుకుంటున్నారు. వేరేవాళ్ల ట్యాంకులో చేయించుకోవడం కూడా తప్పేం కాదు. జిమ్ కోచ్ 1980ల్లో శామ్యూల్ ఆడమ్స్ మొదలుపెట్టినప్పుడు దాన్ని పిట్స్‌బర్గ్‌లోని పాత బ్రూవరీలో కాంట్రాక్టు మీదే చేయించాడు. ట్యాంకు వాళ్లదైనా రెసిపీ ఆయనది, ఎలా ఉండాలో చెప్పే మాట ఆయనది.

నా లెక్క అక్కడే ఉంది. ట్యాంకు ఎవరిదన్నది నాకు రెండో విషయం, బీరు ఎలా ఉండాలో చివరి మాట ఎవరిదన్నదే మొదటిది. ఇది నాకు పుస్తకాల్లోంచి రాలేదు, రెండో ఏడాదిలో జరిగినదాంట్లోంచి వచ్చింది.

రెండో ఏడాది సూపర్ మార్కెట్ తరఫున కొనుగోళ్లు చూసే మనిషి మారాడు. కొత్తాయన స్పెక్ షీట్ పంపాడు, అంటే బీరు ఎలా ఉండాలో రాసిన కాగితం, రెండు పేజీలు. చేదు 45 ఐబీయూ (చేదుని కొలిచే లెక్క) నుంచి 30కి తగ్గించాలి, ఎక్కువ మందికి నచ్చడం కోసం. ఆల్కహాల్ అర శాతం తగ్గించాలి, చాలా చోట్ల పన్ను ఆల్కహాల్‌ని బట్టే పడుతుంది కదా. నిల్వ గడువు నాలుగు నెలల నుంచి తొమ్మిది నెలలకి పెంచాలి, అంటే పాశ్చరైజ్ చేయాలి. ఇక హాప్స్, అంటే బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు: అప్పటిదాకా మేం పులియడం అయిపోవచ్చాక లీటరుకి 8 గ్రాముల చొప్పున ట్యాంకులో వేసేవాళ్లం, దీన్నే డ్రై హాపింగ్ అంటారు, ఐపీఏలో, పేల్ ఏల్‌లో వచ్చే ఆ నారింజ తొక్క వాసన, పచ్చి మామిడి వాసన చాలావరకు దీని చలవే. దాన్ని 3 గ్రాములు చేయమన్నాడు. లెక్క చూస్తే చిన్న మార్పులా ఉంటుంది. రెండు వేల లీటర్ల ట్యాంకుకి పదహారు కిలోలు ఆరు కిలోలయ్యాయి. నేను ట్యాంకు పైన నిచ్చెన మీద నిలబడి ఐదు కిలోల సంచులు మూడు విప్పి, నాలుగోదాంట్లోంచి ఒక కిలో తూచి వేసేవాణ్ణి, పచ్చటి హాప్స్ గుళికలు పశువుల దాణాలా ఉంటాయి, చేతికి జిడ్డుగా పసుపు రంగు అంటుకుంటే సాయంత్రం దాకా వదిలేది కాదు. స్పెక్ మారాక ఒక సంచీ, ఇంకో కిలో. అంతే. కిందికి దిగేటప్పుడు చేయి వాసన చూసుకునేవాణ్ణి, దాదాపు ఏమీ ఉండేది కాదు.

మా హెడ్ బ్రూవర్ రెండు సార్లు మీటింగ్‌కి వెళ్లి వాదించింది. ఆవిడ చెప్పింది సరైన మాటే: ఇన్ని తగ్గిస్తే దీన్ని పేల్ ఏల్ అనండి, క్రాఫ్ట్ అని మాత్రం రాయకండి. వాళ్లు ఒప్పుకోలేదు. కొత్త ట్యాంకులకి తెచ్చిన అప్పు నెత్తిన ఉంది, జీతాలు ఇవ్వాలి, ఆర్డరు వదులుకునే స్థితిలో మేం లేం. చేశాం. శుభ్రంగా, ఏ లోపం లేకుండా చేశాం, ఆ విషయంలో ఎవరూ వేలెత్తి చూపలేరు. కానీ ఆ రోజు నుంచి అది మా బీరు కాదు. అదే షెడ్డు, అవే చేతులు, చిన్న బ్రూవరీ, స్వతంత్ర బ్రూవరీ, అమెరికా నిర్వచనం ప్రకారం చూస్తే ఏ లోటూ లేదు. అయినా అది క్రాఫ్ట్ కాదని నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే ఎలా ఉండాలో చేసినవాళ్లు నిర్ణయించలేదు.

ఇంతకన్నా నన్ను బాధపెట్టింది మూడో ఏడాది చివర్లో జరిగింది. ఆర్డరు ఇంకో పెద్ద బ్రూవరీకి వెళ్లిపోయింది, మాకు ఆరు వారాల ముందు ఒక మెయిల్ వచ్చింది. మా గోడౌన్‌లో వాళ్ల లేబుల్ రోళ్లు అట్టపెట్టెల కొద్దీ మిగిలిపోయాయి. సరే, వ్యాపారంలో ఇలాంటివి జరుగుతాయి. తర్వాత రెండు నెలలకి నేనే ఆ షాపుకెళ్లి అదే పేరున్న క్యాను కొన్నాను. లేబుల్ మీద ఒక్క అక్షరం మారలేదు. వెనకాల "చిన్న బ్యాచుల్లో ప్రేమగా తయారుచేసినది" అనే వాక్యం కూడా అలాగే ఉంది. మా హయాంలో మేమున్నామని రాయలేదు, మేం పోయాక పోయామనీ రాయలేదు. క్యాను లోపల ఉన్నది వేరే ఊరి నీళ్లు, వేరే ఈస్ట్, వేరే మనుషుల పని. పక్కింటాయనకి ఇస్తే తాగి "ఎప్పటిలాగే ఉంది" అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయనకి తెలిసే దారే లేదు.

సొంత బ్రాండులో అసలు చిక్కు ఇదే అని నా అభిప్రాయం. పేరు షాపుది, కాబట్టి పేరు అలాగే ఉంటుంది, బీరే చేతులు మారుతుంది. మామూలు బ్రూవరీ బీరు బాగోకపోతే మీరు ఆ బ్రూవరీని తిట్టుకుంటారు, బాగుంటే వాళ్లదే ఇంకో రకం కొంటారు. పేరు దాచేస్తే ఆ బంధం తెగిపోతుంది, క్రాఫ్ట్ అనే మాటకి ఆధారమే పోతుంది. అమెరికాలో వాల్‌మార్ట్ అనే పెద్ద షాపుల కంపెనీ మీద 2017లో కేసు పడింది కూడా ఈ రకమైన విషయంలోనే: వాళ్లు క్రాఫ్ట్ అని అమ్మిన బీర్ల మీద ట్రబుల్ బ్రూయింగ్ అని ఉండేది, ఆ పేరుతో విడిగా బ్రూవరీ ఏదీ లేదు, కాగితాల్లో ఉన్న అడ్రసు రోచెస్టర్‌లోని జెనెసీ బ్రూవరీది.

పద్ధతిగా చేసేవాళ్లూ ఉన్నారు, అది చెప్పకపోతే అన్యాయం. బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ షాపుల సంస్థ తన సొంత బ్రాండు సిట్రా ఐపీఏని ఓక్‌హామ్ ఏల్స్ అనే బ్రూవరీతో చేయించి, ఆ సంగతి లేబుల్ మీదే వేసింది. 2020లో ఆల్డీ అనే సూపర్ మార్కెట్ తన సొంత ఐపీఏని, బ్రూడాగ్ అనే బ్రూవరీ వాళ్ల పంక్ ఐపీఏని గుర్తుచేసేలా నీలం క్యాన్లో తెస్తే, గొడవ కోర్టుకి వెళ్లకుండా ఇద్దరూ కలిసి "ఆల్డ్ ఐపీఏ" అనే బీరు తెచ్చారు, చేసింది బ్రూడాగ్, అమ్మింది ఆల్డీ, అందరికీ తెలిసే జరిగింది. పేరు చెప్పినంత మాత్రాన ఎవరి వ్యాపారమూ మునిగిపోలేదు.

ఇక మీ చేతిలో ఉన్న క్యాను సంగతి. తిప్పి చిన్న అక్షరాలు చదవండి. ఎవరు తయారుచేశారో బ్రూవరీ పేరు, ఊరు ఉంటే మంచిదే, ఆ బ్రూవరీ వేరే బీర్లు కూడా చేస్తుందో లేదో చూడండి. "ఫలానా షాపు కోసం తయారుచేసినది" అని మాత్రమే ఉండి చేసినవాళ్ల పేరు లేకపోతే, బీరు బాగుండొచ్చు, కానీ క్రాఫ్ట్ అన్న మాటని నమ్మడానికి మీ దగ్గర ఆధారం లేదు. అడుగున ఉన్న తేదీ కూడా చూడండి. నింపిన తేదీ వేస్తే చాలా మంచి గుర్తు, గడువు తేదీ ఒక్కటే ఉంటే, అదీ చాలా దూరంలో ఉంటే, ఎక్కువ కాలం షెల్ఫ్ మీద ఉండేలా తయారుచేశారని అర్థం. హాప్స్ వాసన మూడు నాలుగు నెలలకే బాగా తగ్గిపోతుంది, ఫ్రిజ్ బయట పెడితే ఇంకా తొందరగా పోతుంది, లోపలికి ఆక్సిజన్ కాస్త ఎక్కువగా చేరితే తడిసిన అట్టపెట్టె వాసన మొదలవుతుంది. ఎంత గొప్ప బ్రూవరీ బీరైనా ఇది తప్పదు, అందుకే నేను పేరు చూశాక వెంటనే తేదీ చూస్తాను.

మీకు నచ్చిందన్నారు కదా, దాన్ని కొనడం మానేయమని నేను చెప్పను. మా మొదటి ఏడాది బీరు అలాంటి క్యాన్లోనే వెళ్లింది, దాన్ని తాగి మెచ్చుకున్నవాళ్లు పొరపాటేమీ పడలేదు. మీ ఫ్రెండుకి మాత్రం లేబుల్ మీద షాపు పేరు చూసి తీర్పు ఇవ్వొద్దని చెప్పండి. క్యాను మీద కస్టమర్ కేర్ ఈమెయిల్ ఉంటుంది, కోడ్ నంబరు రాసి ఇది ఏ బ్రూవరీలో తయారైందో అడగండి. కొందరు రెండు రోజుల్లో పేరుతో సహా చెప్తారు, కొందరు అది వ్యాపార రహస్యం అంటారు. ఏ జవాబు వచ్చిందో కింద రాయండి, చిన్న బ్రూవరీ అయితే వాళ్ల పనితీరు గురించి నాకు తెలిసింది చెప్తాను.